వేసవి హెల్మెట్

ఆ ఉదయం పర్వేజ్ కొట్టు ముందు, రేకు నీడలో, ఏడు హెల్మెట్లు బోర్లించి ఉన్నాయి. ఏడింట్లో దేని లోపలా థర్మకోల్ లేదు.

ఏలూరు పవర్‌పేటలో ఉంటుంది ఆ కొట్టు. సీటు కవర్లు కుట్టబడును అని బోర్డు మీద రాసి ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడ జరిగే పని కూడా అదే. మోటారు సైకిళ్ల సీట్లకు రెక్సిన్ తొడగడం, ఆటోలకు టాపులు కుట్టడం, స్కూలు బ్యాగులకు జిప్పులు మార్చడం. మార్చి సగం గడిచేసరికి ఈ పనులన్నీ వెనక్కి పోయి హెల్మెట్లు ముందుకొస్తాయి. పర్వేజ్ వాటిని వేసవి హెల్మెట్లుగా మార్చి ఇస్తాడు. ఆ పేరు అతను పెట్టింది కాదు, జనం పెట్టుకున్నది.

పర్వేజ్‌కు నలభై ఆరేళ్లు. తండ్రి తంగెళ్లమూడిలో తివాచీలు నేసేవాడు. బయటి దేశాల ఆర్డర్లు ఉన్న రోజుల్లో ఇంట్లో రెండు మగ్గాలుండేవి. పర్వేజ్ చిన్నతనంలో తండ్రి పక్కన బల్ల మీద కూర్చుని ఉన్ని ముడులు వేసేవాడు. ఆర్డర్లు తగ్గాయి. ఒక మగ్గం అమ్మేశారు, రెండోది పొయ్యిలోకి పోయింది. పర్వేజ్ విజయవాడ వెళ్లి సీట్ల పని నేర్చుకుని వచ్చాడు. చేతికి మాత్రం పాత పనే గుర్తుంది. ఏదైనా ఎంత మందం ఉందో చూడాలంటే ఇప్పటికీ టేపు తీయడు, బొటనవేలి గోరు దింపి చెప్తాడు.

వేసవి హెల్మెట్ మొదలైంది మూడేళ్ల కిందట, హెన్రీ వల్ల.

హెన్రీ చేపల చెరువుల, రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ఒక ల్యాబ్‌లో పనిచేస్తాడు. బండి వెనక ఐసు పెట్టె కట్టుకుని పెదపాడు మీదుగా కొల్లేటి వైపు వెళ్లి, చెరువు చెరువుకూ ఆగి సీసాల్లో నీళ్లు పట్టి, సాయంత్రానికి ఏలూరు తెచ్చి ఇవ్వడం అతని ఉద్యోగం. ముప్పై ఏళ్లవాడు, మాటకారి. సీటు కుట్టించుకోవడానికి వచ్చి, హెల్మెట్ తీసి పర్వేజ్ బల్ల మీద పెట్టాడు. లోపలి మెత్త చెమటకు నల్లబడి, ఉప్పు చారలు కట్టి ఉంది.

“ఇది తల మీద పెట్టుకునేది కాదండీ పర్వేజ్ గారూ, తల వండుకునేది. మూత పెట్టి మరీ ఉడకబెడుతుంది. కాస్త గాలాడేలాగ ఏదన్నా చేసి పెట్టండి.”

పర్వేజ్ మెత్త పీకాడు. కింద తెల్లటి థర్మకోల్ డిప్ప కనిపించింది. టీవీలు, మిక్సీలు వచ్చే పెట్టెల్లో ఉండేదే. పొరబాటు అక్కడ జరిగింది. పెట్టెలో థర్మకోల్ పెట్టేది సామాను దారిలో పగలకుండా. ఇంటికి చేరాక దాన్ని పారేస్తారు. హెల్మెట్‌లో ఉన్నది కూడా అలాంటిదే అనుకున్నాడు పర్వేజ్. ఎక్కడో ఉత్తరాదిన తయారై లారీలో ఏలూరు దాకా వచ్చేటప్పుడు పైడొప్ప సొట్టపడకుండా కంపెనీవాడు పెట్టాడు, కొన్నవాడు తెలియక దాన్ని కూడా నెత్తిన మోస్తున్నాడు. అంచు చుట్టూ బ్లేడు తిప్పి, డొప్పను మోకాళ్ల మధ్య బిగించి లాగాడు. ఒకే ముక్కగా ఊడి వచ్చింది.

“ఇంత చోటు వృథా చేశాడు చూశావా,” అన్నాడు.

ఆ చోటులో నవారు పట్టీలు అడ్డంగా నిలువుగా కుట్టాడు, మంచానికి అల్లినట్టు. తల నవారుకు ఆనుతుంది. డొప్ప తలకు రెండు వేళ్ల ఎత్తున నిలుస్తుంది. మధ్యలోంచి గాలి పోతుంది. నవారు మీదికి గుండీలతో తగిలించే కాటన్ గుడ్డ ఒకటి. రాత్రి తీసి ఉతుక్కుని పొద్దున్నే తగిలించుకోవచ్చు. గుడ్డలు పర్వేజ్ భార్య ఖైరున్నీసా ఇంట్లో కుట్టింది, అంచుకు ఎర్ర దారంతో.

హెన్రీ పెట్టుకుని వీధి చివరిదాకా ఒక చుట్టు కొట్టి వచ్చాడు. “ఏసీ అండీ,” అన్నాడు.

ఆ మాట చాలింది. మందుల కంపెనీల మనుషులు వచ్చారు, మేత డీలర్ల దగ్గర పనిచేసేవాళ్లు వచ్చారు, దెందులూరు నుంచి రోజూ బండి మీద ఏలూరు వచ్చే గుమాస్తాలు వచ్చారు. మరుసటి వేసవికి తాడేపల్లిగూడెం నుంచి కూడా సంచుల్లో పెట్టి పంపడం మొదలైంది. అంతకు ముందు వీళ్లంతా హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకుని, హైవే మీద చెకింగ్ కనిపిస్తే నెత్తిన పెట్టుకునేవాళ్లు. ఇప్పుడు తల మీదే ఉంచుకుంటున్నారు. ఇంతమంది నెత్తిన టోపీ పెట్టించాను అని పర్వేజ్‌కు లోపల గర్వంగా ఉండేది. ఎవరితోనూ అనేవాడు కాదు, ఖైరున్నీసాతో అనేవాడు.

తీసేసిన థర్మకోల్ డిప్పలను హెన్రీ పట్టుకుపోయేవాడు. కొల్లేటి అంచు ఊళ్లలో వాటిని ముక్కలుగా కోసి వలలకు బెండ్లు కట్టుకునేవాళ్లు. తీసుకున్నందుకు వాళ్లు ఎప్పుడైనా ఒక కొరమీను ఇస్తే సగం ముక్కలు పర్వేజ్ ఇంటికి చేరేవి.

ఆ ఏప్రిల్ ఉదయం ఎనిమిదో హెల్మెట్ తెచ్చినవాడి పేరు ప్రదీప్. రంగుల కంపెనీలో సేల్స్ పని. వారం కిందట గుండుగొలను దగ్గర చేపల లారీ కార్చిన ఐసు నీళ్ల మీద బండి జారి, రోడ్డు అంచు రాయికి తల కొట్టుకుంది. మోచేతులకు ఇంకా కట్లున్నాయి. కథ నవ్వుతూనే చెప్పాడు.

“బండి అటు, నేను ఇటు. లేచి చూసుకుంటే ప్యాంటు మోకాళ్ల దగ్గర లేదండీ. ఫోన్ మాత్రం రింగవుతోంది. ఎవరూ అంటే మా మేనేజరు. ఇంకా గూడెం చేరలేదా అంటాడు.”

“తలకు?”

“ఏం లేదండీ. బొప్పి కూడా కట్టలేదు. లోపల మెత్త కంపు కొడుతోంది, పనిలో పనిగా వేసవిది చేసేయండి.”

డొప్ప మీద వేలెడు గీత తప్ప ఏమీ లేదు. పర్వేజ్ మామూలుగా బ్లేడు తిప్పి, మోకాళ్ల మధ్య బిగించి లాగాడు. థర్మకోల్ రెండు ముక్కలుగా వచ్చింది. ఎడమ చెవి పైభాగంలో పిడికిలి పట్టేంత గుంట ఉంది. పర్వేజ్ అలవాటుగా గోరు దింపాడు. మిగతా చోట్ల గోరు మొత్తం దాటిపోయే మందం. గుంటలో అప్పడమంత.

“తల ఎక్కడ కొట్టుకుందన్నావు?”

ప్రదీప్ ఎడమ చెవి పైన వేలు పెట్టి చూపించాడు.

పర్వేజ్ ఆ ముక్కను చాలాసేపు తిప్పి చూశాడు. డొప్ప బాగానే ఉంది. తల బాగానే ఉంది. మధ్యలో ఉన్నది నలిగిపోయింది. పెట్టెలో టీవీకి ఏం చేస్తుందో ఇక్కడా అదే చేసింది. కాపాడాల్సిన సామాను డొప్ప అనుకున్నాడు ఇన్నాళ్లూ.

“ఇది నేను చేయనయ్యా,” అన్నాడు. “కొత్తది కొనుక్కో. దాని లోపలి థర్మకోల్ ముట్టుకోనివ్వకు ఎవర్నీ.”

“అదేంటండీ, పగల్లేదు కదా.”

“లోపల పగిలింది.”

ప్రదీప్ చేతుల్లో ముక్కలు పెట్టి చూపించాడు. అతను చూశాడు, తలూపాడు. తర్వాత, “కొత్తది కొన్నాక తెస్తానండీ, దానికి చేద్దురుగాని,” అని వెళ్లిపోయాడు.

రేకు కింద ఏడు హెల్మెట్లూ ఎండ పొడ వైపు వరుసగా ఉన్నాయి. వాటి థర్మకోల్ డిప్పలు ఇంకా బల్ల కిందే ఉన్నాయి. పర్వేజ్ ఆ రోజు కుట్టిన నవారు ఊడదీసి, ఏ డిప్ప దేనిదో చూసి తిరిగి అతికించాడు. సాయంత్రం వచ్చినవాళ్లకు విషయం చెప్పాడు. ఏడుగురిలో ఎక్కువమంది విని ఊరుకున్నారు. ఒకాయన మాత్రం నిలదీశాడు.

“పోయినేడు మీరే తీశారు కదండీ మా తమ్ముడిది. అప్పుడు మంచిదైంది, ఇప్పుడు చెడ్డదైందా?”

“అప్పుడు తెలీదండీ.”

“ఈసారికి తెలీదనుకుని తీసేయండి.”

ఎదురు వీధిలో హెల్మెట్లు, టైర్లు అమ్మే హరిప్రసాద్ దగ్గరికి వెళ్లి, థర్మకోల్ డిప్పలు విడిగా దొరుకుతాయా అని అడిగాడు పర్వేజ్. మూడేళ్లలో తీసినవాటికి తిరిగి పెట్టాలని అతని ఆలోచన. హరిప్రసాద్ మెత్తటి మనిషి, గొంతు పెంచడు.

“విడిగా రావండీ. టోపీ మొత్తం కొనాల్సిందే. అయినా పర్వేజ్ గారూ, మీరిలా మొదలెడితే నా పనేం కాను? పర్వేజ్ గారు చల్లగా చేసి పెడతారనే కదండీ ఈ ఎండల్లో నా దగ్గర టోపీ కొంటున్నది. మీరు చేయకపోతే వట్లూరులో చేస్తున్నారు. అక్కడికి పంపుతాను, ఏం చేస్తాను.”

ఫోన్ నంబర్లున్న పాత ఖాతాదార్లకు పర్వేజ్ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, కొత్తది కొనుక్కోమని చెప్పాడు. విన్నవాళ్లందరూ మర్యాదగానే విన్నారు. వానలు పడనీయండి అన్నారు. ఒకావిడ తన భర్త ఆ హెల్మెట్ ఎక్కడో పోగొట్టుకున్నాడనీ, ఇప్పుడు తువ్వాలు చుట్టుకుని వెళ్తున్నాడనీ చెప్పింది. ఇంట్లో ఖైరున్నీసా ఇదంతా రెండు రోజులు చూసి, అన్నం వడ్డిస్తూ అంది.

“ఊరందరికీ ఫోన్లు చేసి టోపీ పెట్టుకోండి అనడానికి మీరేమైనా పోలీసులా? వాళ్ల తలలు వాళ్లవి.”

“గుడ్డ నువ్వు కుట్టావు, థర్మకోల్ నేను తీశాను.”

“అయితే నన్నూ కలుపుతారన్నమాట ఇందులో,” అని ఆమె కూర గిన్నె ఎత్తి లోపలికి పోయింది. ఆ తర్వాత ఆ గుడ్డలు కుట్టలేదు.

మిగతావాళ్ల సంగతి ఎలా ఉన్నా, హెన్రీ సంగతి వేరు. మొట్టమొదట తీసింది అతనిది. అందరికంటే ఎక్కువ తిరిగేది అతను. చెరువు గట్లు, లారీల రోడ్లు, ఐసు నీళ్లు, అడ్డం వచ్చే గేదెలు, అన్నీ అతని దారిలోనే ఉన్నాయి. అతని తల మీదికి థర్మకోల్ తిరిగి వస్తే చాలు అన్నంత దాకా వచ్చింది పర్వేజ్ ఆలోచన. తన సొంత హెల్మెట్ ఉంది. ఊరు దాటి పోడు కాబట్టి దాన్ని ఎప్పుడూ విప్పలేదు. దాన్ని హెన్రీకి ఇచ్చాడు.

హెన్రీ చేతిలో పట్టుకుని బరువు చూశాడు. “ఇది పెట్టుకుని ఒక్క రోజు నాతో రండి. సాయంత్రం మీరేం చెప్తే అది చేస్తాను.”

పర్వేజ్ కొట్టు మూసి, మరుసటి సోమవారం హెన్రీ బండి వెనక ఎక్కాడు. తన హెల్మెట్ తన తల మీద, హెన్రీ తల మీద వేసవిది. హెన్రీ ఒంటి మీద ల్యాబ్ వాళ్లు ఈ ఏడు కొత్తగా ఇచ్చిన జాకెట్ కూడా ఉంది, మెరిసే పట్టీలతో, వానకోటు లాంటి గుడ్డతో. బయల్దేరే ముందు బండి పక్కన నిలబడి, హెల్మెట్ బెల్టు బిగించి, జాకెట్ జిప్పు మెడదాకా లాగి ఫోన్‌లో ఫొటో తీసుకుని ఆఫీసు గ్రూపులో పెట్టాడు. పెట్టగానే జాకెట్ విప్పి ఐసు పెట్టె కింద దోపాడు.

“రోజూ ఇంతేనా?”

“ఫొటో లేకపోతే ఆ రోజు రానట్టేనండీ. ఆ తర్వాత ఎవరూ అడగరు.”

పెదపాడు వరకు హాయిగానే ఉంది. ఆ తర్వాత తారు రోడ్డు వదిలి గట్లెక్కారు. రెండు పక్కలా నీళ్లే. నీళ్ల మీది నుంచి చల్లగాలి వస్తుందనుకున్న పర్వేజ్‌కు వచ్చింది పొయ్యి ముందు నిలబడితే వచ్చే గాలి. హెన్రీ ప్రతి చెరువు దగ్గరా ఆగి, దిగి, సీసా ముంచి, మూత బిగించి, చీటీ అతికించి, పెట్టెలో పెట్టి మళ్లీ ఎక్కుతున్నాడు. అన్నిసార్లూ హెల్మెట్ తీయడం, పెట్టడం. తీసినప్పుడు లోపల చెమట ఆరదు. తిరిగి పెట్టుకుంటే తడిగుడ్డ నెత్తికి కట్టుకున్నట్టుంటుంది, కానీ వేడి తడిగుడ్డ. కళ్లలోకి ఉప్పు దిగింది. అద్దం ఎత్తితే దుమ్ము, దించితే ఊపిరాడదు. ఒక గట్టు దగ్గర నీళ్ల మీద పరిచిన వలకు తెల్లటి బెండ్లు కనిపించాయి. వాటి ఒంపు చూసి పర్వేజ్ గుర్తుపట్టాడు.

ఒంటిగంట దాటాక హెన్రీ బండి అద్దంలోంచి వెనక్కి చూశాడు. పర్వేజ్ హెల్మెట్ మోచేతికి వేలాడుతోంది.

“ఏవండీ, చెకింగ్ లేదు కదా ఇక్కడ,” అన్నాడు హెన్రీ.

“నోర్ముయ్, బండి చూసి తోలు.”

ఇంకా మూడు చెరువులున్నాయి. చల్లబడ్డాక రాకూడదా అని అడిగాడు పర్వేజ్. కుదరదన్నాడు హెన్రీ. నీళ్లలో పీహెచ్ తెల్లవారుజామున తక్కువ ఉంటుంది, ఎండ ఎక్కేకొద్దీ పెరుగుతుంది. మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య ఎంత ఎక్కిందో తెలిస్తేనే రైతు సున్నం చల్లాలా ఆపాలా అన్నది తేలుతుంది. ఎండ ఎక్కువగా ఉన్న గంటలోనే అక్కడుండాలి, అదే ఉద్యోగం.

సాయంత్రం పర్వేజ్ ఇల్లు చేరేసరికి తల దిమ్ముగా ఉంది. రెండు గ్లాసుల మజ్జిగ తాగినా నిలబడలేకపోయాడు. మర్నాడు కొట్టు తీయలేదు. ఆ మర్నాడు హెన్రీ వచ్చాడు.

“చెప్పండి పర్వేజ్ గారూ. ఏం చేయమంటే అది చేస్తానన్నాను.”

పర్వేజ్ ఎంత ఆలోచించినా ప్రదీప్ థర్మకోల్ ముక్కలో ఉన్న గుంటే కళ్ల ముందుంది. “పెట్టుకో,” అన్నాడు. “నేను ఓర్చుకోలేకపోయాను. నువ్వు కుర్రాడివి.”

“సరేనండీ.” హెన్రీ ఆ హెల్మెట్ తీసుకున్నాడు. పాతది బల్ల మీద వదిలి వెళ్లాడు.

అతన్ని పంపినాక పర్వేజ్ నేరుగా ల్యాబ్‌కు వెళ్లాడు. మేనేజర్ వెంకట్రాజు కూర్చోబెట్టి, మంచినీళ్లు తెప్పించాడు. మధ్యాహ్నం తిరిగే మనుషులను ఇద్దరిద్దరిగా చేసి చెరువులు పంచితే ఒక్కొక్కరికి ఎండలో సగం సేపే ఉంటుంది కదా అన్నది పర్వేజ్ విన్నపం.

“మీరు చెప్పేది న్యాయమేనండీ,” అన్నాడు వెంకట్రాజు. “రొయ్య రేటు పడిపోయింది. ఉన్న మనుషుల్నే తగ్గించమంటున్నారు పైవాళ్లు. సేఫ్టీ విషయంలో మాత్రం మేం చాలా స్ట్రిక్టు. చూడండి.”

ఫోన్ తీసి ఆ ఉదయం ఫొటోలు చూపించాడు. తొమ్మిదిమంది, తొమ్మిది హెల్మెట్లు, తొమ్మిది జాకెట్లు. పర్వేజ్ ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాడు. ఆరింట్లో నుదుటి దగ్గర ఎర్ర దారం అంచు కనిపిస్తోంది.

“వీటిల్లో లోపల ఏమీ లేదండీ. నేనే తీశాను.”

వెంకట్రాజు ఫోన్ తీసుకుని తనూ చూశాడు. “ఫొటోలో తెలీడం లేదు కదండీ,” అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే ఆలోచించి అన్నాడు. పైవాళ్లకు పంపేది ఫొటోలే.

మే నెల వచ్చింది. వేసవి పని పోయిన కొట్టులో సీటు కవర్లు కూడా తగ్గాయి, ఎండకు జనం బయటికి రావడం లేదు. హెన్రీ సాయంత్రాలు అటువైపు వెళ్తూ హారన్ కొట్టేవాడు. తల మీద పర్వేజ్ ఇచ్చిన హెల్మెట్ ఉండేది. పర్వేజ్ చెయ్యి ఎత్తేవాడు. ఆ పది సెకన్ల కోసం ఆ వేళకు మిషను ఆపి రోడ్డు వైపు తిరిగి కూర్చోవడం అలవాటైంది. హెన్రీ మొహం రోజురోజుకూ పీక్కుపోవడం అతను చూడకపోలేదు. ఎండలు కదా అనుకున్నాడు.

ఒక సాయంత్రం హారన్ వినపడలేదు. మరుసటి సాయంత్రమూ లేదు. మూడో రోజు ఉదయం ఒకామె ఆటో దిగి, చేతిలో హెల్మెట్‌తో కొట్టు మెట్లెక్కింది. సత్యవతి, హెన్రీ భార్య. బట్టల షాపులో పనిచేస్తుంది, ఆ యూనిఫాం చీరలోనే ఉంది. హెల్మెట్‌ను బల్ల మీద పెట్టింది.

“ఏవండీ, మా ఆయనంటే మీకేమైనా కోపమా?”

పర్వేజ్ లేచి నిలబడ్డాడు. “ఏమైందమ్మా?”

“గట్టు మీద పడిపోయాడండీ. బండి తోలుతూ కాదు, ఆపి దిగబోతూ. కళ్లు తిరిగాయంట. చెరువు కాపలా ఆయన చూసి, హెల్మెట్ ఊడదీసి నీళ్లు కొట్టాడు. బెల్టు లాక్ ఊడక కోసేశాడు చూడండి. పెదపాడులో సెలైన్లు ఎక్కించారు. ఫిట్స్ వచ్చినట్టు కొట్టుకున్నాడంటండీ.” ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. “ఇంకో అరగంట ఎవరూ చూడకపోతే పోయేవాడే అన్నారు డాక్టరు గారు.”

“ఇప్పుడెలా ఉన్నాడు?”

“లేచి తిరుగుతున్నాడు. రేపు డ్యూటీకి పోతానంటున్నాడు. ఇంకా సెలవంటే జీతం పోవడం కాదు, మనిషినే మార్చేస్తారు. నేను పొమ్మనకపోయినా పోతాడు. ఈ టోపీ పెట్టుకోకు, పాతది తెచ్చుకో అంటే వినడం లేదండీ. పర్వేజ్ గారికి మాటిచ్చాను అంటున్నాడు. అందుకే నేనొచ్చాను. పాతదన్నా ఇవ్వండి, దీన్నన్నా అలా చేసివ్వండి.”

పర్వేజ్ హెల్మెట్ తిప్పి చూశాడు. మెత్త నిండా ఉప్పు చారలు. కోసేసిన బెల్టు వేలాడుతోంది. హెన్రీ వదిలి వెళ్లిన పాత వేసవి హెల్మెట్ ఇంకా బల్ల చివరే ఉంది గానీ, దాని డొప్ప ఎండకు నెర్రెలిచ్చి ఉంది. ఇక పనికిరాదు.

“లోపలి థర్మకోల్ తీసేస్తే ఇది హెల్మెట్ కాదమ్మా. గిన్నె,” అన్నాడు. ప్రదీప్ కథ చెప్పాడు. గుంట ఎక్కడ పడిందో తన తల మీద వేలు పెట్టి చూపించాడు. ఆమె మొత్తం విన్నది.

“మీరు చెప్పింది అబద్ధమనడం లేదండీ,” అంది. “పడటం ఎప్పుడో. పడకపోనూ వచ్చు. ఎండ రోజూ ఉంది కదండీ.”

చెరువుల వెంట తిరిగి వచ్చినప్పటి నుంచి పర్వేజ్ లెక్క వేసుకుంటున్నది కూడా అదే. తాను ఒక్క పూటలో ఒంటిగంటకే తీసేసిన టోపీని హెన్రీ నెత్తిన రోజూ పెట్టించాడు. ఇప్పుడు తీయనంటే ఈమె వట్లూరు తీసుకెళ్తుంది. అక్కడివాడు నవారు బదులు ప్లాస్టిక్ సంచి పట్టీలు వేస్తాడు, బెల్టు రివిట్లు సరిగా కొట్టడు. లేదా ఇంట్లో కూరగాయల కత్తితో హెన్రీ తనే తీసుకుంటాడు. లేదా మాట కోసం అలాగే పెట్టుకుపోతాడు.

“జాకెట్ వేసుకుంటున్నాడా?”

“ఫొటోకేనండీ.”

“కూర్చోండమ్మా.”

అతను బ్లేడు తీశాడు. అంచు చుట్టూ తిప్పి, మోకాళ్ల మధ్య బిగించి లాగాడు. ఇది మంచి రకం, జిగురు గట్టిగా ఉంది, రెండుసార్లు లాగితే గానీ రాలేదు. థర్మకోల్ ఎక్కడా నలగలేదు. దాన్ని పక్కన పెట్టి, నవారు కొలిచి కత్తిరించాడు. మామూలుగా నాలుగు వరుసలు కుట్టేవాడు, ఈసారి దగ్గర దగ్గరగా ఎనిమిది కుట్టాడు. దానివల్ల దెబ్బ ఆగదని తెలుసు. కొత్త బెల్టు వేసి, రివిట్లు కొట్టి, చేత్తో నాలుగైదుసార్లు గుంజి చూశాడు. గుడ్డ కోసం ఇంటికి ఫోన్ చేశాడు. ఖైరున్నీసా ఎవరికి అని అడిగింది. చెప్పాడు. పాతవాటిలో ఒకటి మిగిలిందని ఆమె చెప్పి, తనే తెచ్చి ఇస్తాననీ అంది.

ఖైరున్నీసా వచ్చి సత్యవతి పక్కన కూర్చుని గుడ్డకు గుండీలు తగిలించింది. ఆడవాళ్లిద్దరూ హెన్రీ గురించి మాట్లాడుకోలేదు. బట్టల షాపులో నిలబడి నిలబడి కాళ్లు వాస్తున్నాయని సత్యవతి అంటే, ఉప్పునీళ్లలో పెట్టుకోమని ఖైరున్నీసా చెప్పింది.

పని అయ్యాక పర్వేజ్ థర్మకోల్ డిప్పను కాగితంలో చుట్టి, హెల్మెట్‌తో పాటు ఆమెకు ఇచ్చాడు. “ఎవరికీ ఇవ్వకండి. వానలు పడగానే తెండి, నేనే అతికిస్తాను.”

“వానలు ఎప్పుడండీ?”

“జూన్ నడిమికి అంటున్నారు.”

ఆమె డబ్బు తీయబోతే వద్దన్నాడు. ఆటో ఎక్కించి వచ్చి, బల్ల ముందు కూర్చున్నాడు. సగంలో ఉన్న సీటు కవర్ ఒకటి ఉంది, దాన్ని మిషను కిందికి తోశాడు.

మే నెలలో అది ఇరవై మూడో తేదీ. ఆ సాయంత్రం ల్యాబ్ గ్రూపులో హెన్రీకి మర్నాడు తిరగాల్సిన చెరువుల పేర్లు వచ్చాయి. అతను సెలవులో ఉన్న రోజులవి కూడా కలిపారు. మొత్తం పదకొండు.